వేల కంప్యూటర్లు.. ఒకే తాళంచెవి

చిత్తూరు: 'సర్వర్ లేదు, రేపు రండి'. గత రెండు దశాబ్దాలలో గ్రామీణులకు ఇంతగా అలవాటైన ప్రభుత్వ సమాధానం మరొకటి లేదు. అడంగల్ నకలు కోసం వచ్చిన రైతు, కుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన విద్యార్థి, పింఛను దరఖాస్తు చేతబట్టుకొని వచ్చిన వృద్ధురాలు ఈ ఒక్క మాటతో వెనుదిరుగుతున్నారు. ప్రతిసారీ తప్పు సర్వరుదే అనుకుంటే పొరపాటు. రాజధానిలోని ప్రధాన సర్వరు చక్కగా పనిచేస్తున్నా, కార్యాలయంలో బల్ల మీదున్న కంప్యూటరే మొరాయించడం కద్దు. వైరస్ సోకడం, అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం, వేలిముద్ర యంత్రాన్ని గుర్తించకపోవడం, తేదీ తప్పుగా ఉండటం వంటి కారణాలు అనేకం. వీటిలో అధిక భాగం పావుగంటలో సరిదిద్దదగినవే. సరిదిద్దే మనిషి మాత్రం యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటాడు.

ఈ దూరాన్ని తొలగించేందుకే ఒకచోట కూర్చొని వందలు, వేల కంప్యూటర్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. బ్యాంకులు, ఐటీ కంపెనీలు వీటిని ఏళ్ల తరబడి వాడుతున్నాయి. కార్యాలయాలు పల్లెల దాకా విస్తరించిన ప్రభుత్వ శాఖలకు, సహకార సంఘాలకు వీటి అవసరం అంతకంటే ఎక్కువ. అయితే ఈ పరికరాల గురించి చెప్పవలసినది సౌలభ్యం ఒక్కటే కాదు. వేల తలుపులను ఒకే తాళంచెవితో తెరిచే ఏర్పాటు ఇది. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకుండా ముందుకు వెళ్తే ఏమవుతుందో చెప్పే ఉదంతాలు గత పదేళ్లలో ప్రపంచమంతటా జరిగాయి. వాటిలో ఒకటి ఈ జిల్లా గడప కూడా తొక్కింది.

మెకానిక్‌కు తీరిక ఏదీ?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ 'కార్డ్' పథకాన్ని ప్రారంభించినప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కంప్యూటర్ ఒక వింత. దానికి ప్రత్యేకంగా ఒక గది, ఒక ఏసీ, గది బయట విడిచిన చెప్పులు! 2011 నవంబరు 4న 'మీ సేవ'కు చిత్తూరు జిల్లాలోనే శ్రీకారం చుట్టారు. 2019 అక్టోబరు 2న నాటి తూర్పు గోదావరి జిల్లా కరపలో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ రాష్ట్రవ్యాప్తంగా 15,004 కేంద్రాలకు విస్తరించింది. దేశంలోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. తొలి అంచనాల ప్రకారమే 63,000 సంఘాలు, రూ.2,516 కోట్ల వ్యయం. కొనుగోలుకు నిధులు కేటాయించినంత ఉదారంగా ఆ కంప్యూటర్ల పోషణకు కేటాయించిన సందర్భాలు అరుదు.

ఒక లెక్క వేసి చూస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. మండలంలో 20 సచివాలయాలు, ఒక్కో దానిలో మూడు కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 60. ప్రయాణంతో కలిపి ఒక సాంకేతిక నిపుణుడు రోజుకు నాలుగింటిని తనిఖీ చేసి, కొత్త రక్షణ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలడనుకుంటే అందుకు 15 పనిదినాలు పడుతుంది. సెలవులు కలుపుకొంటే మూడు వారాలు. విండోస్ తయారీదారు మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం కొత్త లోపాలకు దిద్దుబాట్లు విడుదల చేస్తుంది. వీటినే 'ప్యాచ్' అంటారు. అంటే నిపుణుడు చివరి ఊరు ముగించుకొని ఊపిరి పీల్చుకునేలోగా మొదటి ఊరికి మళ్లీ బయలుదేరవలసి ఉంటుంది. మరమ్మతులు, ప్రింటర్ గొడవలు ఈ లెక్కలో లేవు. అందువల్ల ఆచరణలో జరిగేది ఒక్కటే: కంప్యూటర్ చెడిపోయే వరకు దాని వంక ఎవరూ చూడరు.

ఒక చిన్న కాపలాదారు

కేంద్రీకృత నిర్వహణలో ప్రతి కంప్యూటర్‌లోనూ 'ఏజెంట్' అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను అమర్చుతారు. తెర మీద కనిపించకుండా అది నిత్యం పనిచేస్తూ ఉంటుంది. నిర్ణీత వ్యవధిలో కేంద్ర సర్వరును పలకరిస్తుంది. యంత్రంలో ఎంత మెమొరీ ఉంది, ఏ విండోస్ ఉంది, ఏయే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఏ ప్యాచ్‌లు లేవు, డిస్కులో ఎంత చోటు మిగిలింది అన్న వివరాలను నివేదిస్తుంది. చేయవలసిన పని ఏమైనా ఉన్నదా అని అడుగుతుంది. ఉంటే చేసి, ఫలితాన్ని తిరిగి చెబుతుంది. జిల్లా కేంద్రంలోని నిపుణుడు తన తెర మీద ఒక పట్టికలో అన్ని యంత్రాలను చూడగలడు. కావలసిన వాటికి ప్యాచ్ పంపగలడు, అనవసర సాఫ్ట్‌వేర్‌ను తొలగించగలడు, సిబ్బంది అనుమతితో వారి తెరను తన ముందు తెచ్చుకొని మౌస్ తానే కదపగలడు. కంప్యూటర్ దొంగతనానికి గురైతే అది మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలిన క్షణంలో సమాచారమంతా తుడిచివేయగలడు.

ఇది కొత్త విద్య ఏమీ కాదు. మైక్రోసాఫ్ట్ 1994లోనే ఇటువంటి సర్వరు సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. దాని వారసుడే నేటి కాన్ఫిగరేషన్ మేనేజర్. ఇంటర్నెట్ ద్వారానే పనిచేసే ఇన్‌ట్యూన్ 2011లో వచ్చింది. లైనక్స్ సర్వర్ల కోసం పప్పెట్, ఆన్సిబుల్ వంటివి ఉన్నాయి. ఈ రంగంలో ప్రపంచవ్యాప్తంగా అమ్ముడవుతున్న 'డెస్క్‌టాప్ సెంట్రల్', ప్రస్తుత నామం 'ఎండ్‌పాయింట్ సెంట్రల్', చెన్నై కేంద్రంగా ఉన్న జోహో సంస్థది. చిత్తూరు నుంచి మూడు, నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో తయారైన సరుకు.

వీటన్నింటిలోనూ మిక్కిలి విలువైనది, మిక్కిలి తక్కువ ఆకర్షణ గలది పైన చెప్పిన పట్టికే. ఏ కార్యాలయంలో ఏ యంత్రం ఉన్నదో, దాని వయసెంతో, ఎవరు వాడుతున్నారో నమ్మదగిన జాబితా లేకపోతే తక్కినవన్నీ గాలిలో మేడలే. కొనుగోలు రిజిస్టరులో ఉన్నవన్నీ బల్ల మీద ఉండవు. బల్ల మీద ఉన్నవన్నీ రిజిస్టరులో ఉండవు.

2017 మేలో ఏం జరిగింది?

జాబితా లేని చోట, ప్యాచ్ వేయని చోట ఏమవుతుందో 2017 మే 12న లోకానికి తెలిసింది. 'వన్నాక్రై' అనే వైరస్ ఆ రోజు మొదలై కొద్ది రోజుల్లోనే 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను కబళించింది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో చెల్లించాలని తెర మీద ప్రకటన ఉంచేది. దీనికి ముందు వచ్చిన వైరస్‌లలో చాలా వాటికి ఎవరో ఒకరు అనుమానాస్పద ఈమెయిల్ తెరవాలి. దీనికి ఆ అవసరమే లేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకొనే ఏర్పాటులోని లోపం గుండా ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి తనంతట తానే పాకింది. ఒక కార్యాలయంలో ఒక్క కంప్యూటర్‌కు సోకితే చాలు, అదే నెట్‌వర్క్‌లో ప్యాచ్ లేనివన్నీ వరుసగా పడిపోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల పేర్లు అప్పటి వార్తలలో వచ్చాయి. విండోస్ కంప్యూటర్లను ముందుజాగ్రత్తగా ఆపి ఉంచాలని ఆదేశాలు వెళ్లాయి. బ్రిటన్‌లో పరిస్థితి ఇంకా దయనీయం. ఇంగ్లండులోని 236 ప్రభుత్వ ఆరోగ్య ట్రస్టులలో కనీసం 80 చోట్ల సేవలు దెబ్బతిన్నాయి. శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి, అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. వైరస్ రాతలోనే దాగి ఉన్న ఒక ఇంటర్నెట్ చిరునామాను ఒక బ్రిటిష్ యువకుడు గుర్తించి తన పేర నమోదు చేసుకోవడంతో వ్యాప్తి అనూహ్యంగా ఆగింది. లేకుంటే నష్టం ఎంత దూరం వెళ్లేదో!

ఈ ఉదంతంలో అందరూ గుర్తుంచుకోవలసిన తేదీ మే 12 కాదు, అదే ఏడాది మార్చి 14. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ రోజే విడుదల చేసింది. అంటే ఎనిమిది వారాల వ్యవధి ఉంది. మందు ఉచితం. అయినా రోగి నోటిదాకా చేరలేదు. వైరస్ సోకిన బ్రిటన్ ఆరోగ్య సంస్థలన్నింటిలోనూ ప్యాచ్ వేయని లేదా మద్దతు ముగిసిన విండోస్ ఉన్నదని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. పాత విండోస్ ఎక్స్‌పీ వల్లే ఇదంతా జరిగిందన్న ప్రచారం సరికాదు. దెబ్బతిన్న యంత్రాలలో అత్యధికం అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7వే. కొత్త యంత్రాలు కొనలేకపోవడం కాదు, ఉన్నవాటిని పట్టించుకోకపోవడమే అసలు కారణమని దీనివల్ల స్పష్టమవుతోంది. కేంద్రీకృత నిర్వహణ ఉన్న సంస్థలో ఒక నిపుణుడు ఆ ప్యాచ్‌ను వేల యంత్రాలకు ఒకటి రెండు రాత్రులలో పంపగలిగేవాడు.

మందే వికటిస్తే..

ఇక్కడితో ఆగితే ఈ సాఫ్ట్‌వేర్ల అమ్మకందారుల ప్రకటనకు, ఈ విశ్లేషణకు తేడా ఉండదు.

2014 మే నెలలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఒక పొరపాటు జరిగింది. కొన్ని యంత్రాలకు విండోస్ 7ను కొత్తగా ఎక్కించవలసిన ఆదేశం విశ్వవిద్యాలయంలోని విండోస్ యంత్రాలన్నింటికీ వెళ్లింది. డిస్కులను తుడిచి కొత్తగా సిద్ధం చేయడం ఆ ఆదేశంలోని మొదటి మెట్టు. ఎవరో గమనించి ఆపడానికి ప్రయత్నించేసరికి ఆ ఆదేశాలు పంపే సర్వరు కూడా తన ఆదేశాన్ని తానే పాటించి తుడిచిపెట్టుకుపోయింది. హ్యాకర్ లేడు, వైరస్ లేదు. ఒక ఉద్యోగి చేతిలో ఒక తప్పు ఎంపిక మాత్రమే.

2021 జులై 2న జరిగినది దీనికంటే తీవ్రం. అమెరికాకు చెందిన కసేయా సంస్థ ఇటువంటి నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ సేవలందించే కాంట్రాక్టు సంస్థలకు అమ్ముతుంది. ఆ సంస్థలు దానితో తమ ఖాతాదారుల యంత్రాలను చూసుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా 'రెవిల్' ముఠా చొరబడింది. నేరుగా దెబ్బతిన్నవి 60 లోపు కాంట్రాక్టు సంస్థలే. వాటి ద్వారా మాత్రం సుమారు 1,500 వ్యాపారాల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. స్వీడన్‌లో కూప్ దుకాణాల సముదాయం బిల్లింగ్ యంత్రాలు పనిచేయక దాదాపు 800 దుకాణాలను మూసివేయవలసి వచ్చింది. ఆ దుకాణాలకు కసేయా పేరైనా తెలిసి ఉండకపోవచ్చు. వారి బిల్లింగ్ యంత్రాలు చూసే సంస్థ దానిని వాడుతోంది, అంతే. రెవిల్ ముఠా అడిగిన మొత్తం ఏడు కోట్ల డాలర్లు. జోహో డెస్క్‌టాప్ సెంట్రల్‌లోనూ 2020 మార్చిలో తీవ్ర లోపం బయటపడి, దిద్దుబాటు వెలువడింది. ఆ దిద్దుబాటు వేసుకోని సర్వర్లపై దాడులు జరిగాయి. కాపలాదారుడి ఇంటికీ తాళం అవసరమని దీని తాత్పర్యం.

మన పాఠకులకు బాగా గుర్తున్నది 2024 జులై 19. శుక్రవారం ఉదయం భారత కాలమానం ప్రకారం 9.39 గంటలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో దోషం ఉంది. 78 నిమిషాలలోనే దానిని వెనక్కి తీసుకున్నా, ఈలోగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో స్తంభించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇచ్చారు. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. విండోసే లేవని యంత్రంలో ఏజెంటూ లేవదు. కాబట్టి దూరం నుంచి చేసే పరికరాలు చాలా చోట్ల నిరుపయోగమయ్యాయి. మనిషి ఒక్కో యంత్రం ముందుకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఒక ఫైలును చేత్తో తొలగించవలసి వచ్చింది. డిస్కుకు రహస్య తాళం ఉన్న చోట 48 అంకెల సంకేతాన్ని కూడా టైపు చేయవలసి వచ్చింది. కొన్ని సంస్థలలో ఆ సంకేతాలు భద్రపరచిన సర్వరు కూడా అదే జబ్బుతో పడిపోయి ఉంది. దూర నిర్వహణ వచ్చిందని క్షేత్రస్థాయి సాంకేతిక సిబ్బందిని పూర్తిగా తొలగించుకున్న సంస్థ అటువంటి రోజున ఎవరిని పంపుతుంది?

మెయిన్ స్విచ్ దగ్గర

పల్లె కార్యాలయాల విషయానికి వస్తే సమస్యలు ఇంకొక తీరుగా ఉంటాయి. ప్యాచ్‌లు రాత్రిపూట పంపాలన్నది పుస్తకాలలోని నియమం. పగలు పంపితే కౌంటరు ముందు జనం నిలబడి ఉండగా కంప్యూటర్ పునఃప్రారంభమై, పావుగంట పాటు శాతాలు లెక్కపెడుతూ కూర్చుంటుంది. రాత్రి పంపడానికి 'వేక్ ఆన్ లాన్' అనే సదుపాయం ఉంది. ఆపి ఉన్న కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా ఒక సంకేతం పంపితే అది మేలుకొంటుంది. అయితే యంత్రానికి, నెట్‌వర్క్ పెట్టెకు కరెంటు ఉండాలి. సాయంత్రం కార్యాలయానికి తాళం వేసే అటెండరు షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ స్విచ్ ఆపి వెళ్లడం పల్లెల్లో ఏళ్ల నాటి అలవాటు. అతడిని తప్పుపట్టడానికీ లేదు. అగ్నిప్రమాదం జరిగి రికార్డులు కాలితే అడిగేది అతడినే. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ ఆ స్విచ్ దగ్గర ఆగిపోతుంది. నెలకు రెండు నిర్ణీత రాత్రులు స్విచ్ ఆపవద్దని ఒక కాగితం మీద ఉత్తర్వు ఇస్తే సరిపోయే సమస్య ఇది. ఒక మంచి యూపీఎస్ ఉంటే మరీ మేలు.

ఇంటర్నెట్ వేగం మరో అడ్డంకి. ఒక నెలవారీ ప్యాచ్ 600 ఎంబీ ఉన్నదనుకుంటే, పైన చెప్పిన 60 యంత్రాలూ విడివిడిగా తెచ్చుకుంటే 36 జీబీ అవుతుంది. ఒక్కో సచివాలయంలో ఒక యంత్రం తెచ్చుకొని పక్కనున్న రెండింటికి పంచితే 12 జీబీతో సరిపోతుంది. ఈ పంపిణీ సదుపాయం ఇటువంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో, చివరకు విండోస్‌లోనే ఉంది. దానిని అమర్చుకోవాలంటే ఒప్పందం రాసే దశలోనే గ్రామంలోని లైను వేగం ఎంతో తెలిసినవారు ఆ గదిలో ఉండాలి. టెండరు పత్రాలను రాజధానిలోని వేగవంతమైన లైను ముందు కూర్చొని రాస్తారన్నది వేరే సంగతి.

ఎవరు చూస్తున్నారు?

సిబ్బందిలో ఉండే అనుమానాలను కొట్టిపారేయడానికి వీల్లేదు. 'మా తెర మీద ఏముందో పైవారు ఎప్పుడు పడితే అప్పుడు చూస్తారా?' అన్నది సహజమైన ప్రశ్న. సాంకేతికంగా చూడవచ్చు. కనుక చూసే ముందు తెర మీద అనుమతి అడిగేలా, చూస్తున్నంతసేపూ గుర్తు కనిపించేలా, ఎవరు ఎప్పుడు చూశారో చెరపలేని రికార్డు ఉండేలా అమర్చాలి. ఈ అమరికలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నవే. పని ఎగవేతను పట్టుకోవడానికి దీనిని కొరడాగా వాడితే సిబ్బంది ఏజెంటును ఏదో విధంగా నిలిపివేయడానికి దారులు వెతుకుతారు. అప్పుడు భద్రతా పోతుంది, నమ్మకమూ పోతుంది.

సామాన్యుడికి ఈ పరిజ్ఞానం పరిచయమైనది దాని చీకటి కోణం నుంచే. బ్యాంకు అధికారులమని ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి దూర నియంత్రణ యాప్‌ను వేయించి, ఖాతాలను ఖాళీ చేసే మోసాలపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ స్వతహాగా మోసకారి కాదు. ఎంతోమంది సక్రమంగా వాడుతున్నదే. గుమస్తాకు ఫోను చేసి 'జిల్లా కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం, తొమ్మిది అంకెల సంఖ్య చెప్పండి' అంటే చెప్పేస్తాడా, తిరిగి కార్యాలయానికి ఫోను చేసి నిర్ధారించుకుంటాడా అన్నదానిపైనే అంతా ఆధారపడి ఉంది. సంస్థకు తనదైన దూర నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నప్పుడు తక్కిన అటువంటి యాప్‌లన్నింటినీ ఆ యంత్రాలలో నిషేధించడం ఉత్తమం. 'మా వాళ్లు ఈ ఒక్క పద్ధతిలోనే వస్తారు' అని గుమస్తాకు తెలిస్తే మోసగాడి పని కష్టమవుతుంది.

చట్టం కూడా మౌనంగా లేదు. కంప్యూటర్ భద్రతా ఘటన తెలిసిన ఆరు గంటలలోగా నివేదించాలని, లాగ్ రికార్డులను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఏ యంత్రంలో ఏం జరుగుతున్నదో తెలియజేసే ఏర్పాటే లేని కార్యాలయానికి ఘటన జరిగినట్లు తెలిసేది ఆరు గంటలకా, ఆరు నెలలకా?

ఒప్పందంలో రాయవలసినవి

ఈ పరికరాలు కొనే శాఖలు, సంఘాలు ధర కంటే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ మార్పునైనా మొదట పది యంత్రాలకు, ఒకరోజు ఆగి ఒక మండలానికి, తర్వాతనే జిల్లాకు పంపే నియమం ఉంటే క్రౌడ్‌స్ట్రైక్ తరహా నష్టం పది యంత్రాల దగ్గరే ఆగుతుంది. తుడిచివేత వంటి ఆదేశాలకు ఇద్దరు అధికారుల ఆమోదం తప్పనిసరి చేస్తే ఎమరీ తరహా పొరపాటుకు అవకాశం తగ్గుతుంది. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు ఉండటం మనకు కొత్త కాదు. నిర్వాహకుల లాగిన్‌కు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోనుకు వచ్చే రెండో నిర్ధారణ కూడా ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత సిబ్బంది లాగిన్‌లను అదే రోజు రద్దు చేయాలి. ఇది చెప్పడానికి తేలిక, పాటించడం అరుదు. మూడేళ్ల క్రితం వెళ్లిపోయిన కాంట్రాక్టరు కుర్రాడి పాస్‌వర్డ్‌తోనే నేటికీ తలుపు తెరుచుకునే కార్యాలయం ఏదో ఒకచోట ఉండే ఉంటుంది.

2028 గడువు

వీటన్నింటికీ తక్షణ ప్రాముఖ్యం కల్పించిన పరిణామం ఇంకొకటి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, నిర్ణీత తరం ప్రాసెసరు ఉండాలి. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువాటిలో దాదాపు అన్నీ దీనికి పనికిరావు. అంటే 2017కు ముందు కొన్న కంప్యూటర్ బాగానే పనిచేస్తున్నా భద్రతా ప్యాచ్‌లకు నోచుకోదు. డబ్బు చెల్లించే సంస్థలకు అదనపు భద్రతా ప్యాచ్‌లు ఇస్తున్నారు. మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లు, ఏటా రెట్టింపు. ఈ సదుపాయం 2028 అక్టోబరు 10 వరకే. మూడేళ్లకు కలిపితే ఒక్కో యంత్రానికి 427 డాలర్లు, అంటే దాదాపు కొత్త కంప్యూటర్ ధర. పాత యంత్రాలను సీడ్యాక్ రూపొందించిన బాస్ వంటి లైనక్స్‌కు మార్చడం మరో దారి. అయితే వేలిముద్ర యంత్రాలు, పాత తెలుగు ఫాంట్లు, విండోస్ కోసమే రాసిన శాఖాపర సాఫ్ట్‌వేర్లు అందులో నడుస్తాయో లేదో ముందే పరీక్షించుకోవాలి.

కొనాలా, డబ్బు చెల్లించి పొడిగించాలా, లైనక్స్‌కు మారాలా అన్నది ఏ శాఖకు ఆ శాఖ తేల్చుకోవలసిన విషయం. అందుకు ముందు ఏ కార్యాలయంలో ఏ తరం ప్రాసెసరు ఉన్నదో తెలియాలి. ఏజెంటు ఉన్న చోట ఆ జాబితా ఒక పూటలో తయారవుతుంది. లేని చోట గుమస్తాలు ఒక్కో యంత్రం దగ్గరకు వెళ్లి కాగితం మీద రాసి పంపాలి. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు పంపే నాటికి ఆ కాగితాలైనా జిల్లా కేంద్రానికి చేరవలసి ఉంది.